పాత ఇంజన్ ఆయిల్ పట్టుకుని ఎక్కడికి పోవాలో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఉత్తరాల పేజీలో రోడ్డు గుంతల మీద, కాలువల్లో గుర్రపు డెక్క మీద, కరెంటు కోతల మీద రాసేవాళ్ళు బోలెడంతమంది. డీజిల్ బండికి ఇంజన్ ఆయిల్ మార్చడం మీద ఎవరైనా రాస్తారేమోనని చాలా రోజులుగా చూస్తున్నా, ఎవరూ రాయలేదు, అందుకని నేనే మొదలుపెట్టా. ఉత్తరం పొడుగైందనుకుంటే మధ్యలో ఎక్కడైనా కత్తిరించుకోండి, చివర అడిగిన సంగతి మాత్రం ఉంచండి.

మాది నూజివీడు వైపు ఒక ఊరు. డీజిల్ పికప్ ఒకటి ఉంది, ఓనరూ నేనే, డ్రైవరూ నేనే. ఎండాకాలం మామిడికాయలు నున్న మార్కెట్‌కి తోలతాను, మిగతా రోజుల్లో కూరగాయలు, దాణా, సిమెంటు, పెళ్ళిళ్ళప్పుడు షామియానా సామాను, ఏ బాడుగ దొరికితే అది. బండి కంపెనీ పేరు ఎందుకులెండి, నేను చెప్పే పని అన్ని బళ్ళకూ దాదాపు ఒకటే. మా బండికి ఆయిల్ 6 లీటర్లకు అటూ ఇటూగా పడుతుంది. కొత్తది 6 లీటర్లు పోస్తున్నామంటే పాతది దాదాపు అంతా బయటికి వస్తున్నట్టే కదా. కొత్త ఆయిల్ ఏ కంపెనీది, ఎంతకి కొన్నాం, డూప్లికేటా ఒరిజినలా అని గంటలు గంటలు మాట్లాడుకుంటాం. బయటికొచ్చిన ఆ 6 లీటర్లు ఎటు పోయాయని మాత్రం ఒక్కడూ అడగడు. నేనూ చాలా ఏళ్ళు అడగలేదు.

అడగాల్సి వచ్చిన రోజు గురించి చెబుతాను. బండి కొన్న కొత్తల్లో లేబర్ డబ్బులు మిగుల్చుకుందామని ఇంట్లోనే మారుద్దామనుకున్నా. ఒక నట్టు విప్పాలి, ఒక ఫిల్టర్ మార్చాలి, ఇంతే కదా అని ధీమా. విజయవాడ నుంచి లోడు దింపి వచ్చీ రాగానే, ఇంజన్ ఇంకా కాలిపోతుండగానే, మా ఆవిడ బట్టలు నానబెట్టుకునే బేసిన్ ఎత్తుకెళ్ళి కింద పెట్టి నట్టు విప్పేశా. వేళ్ళు కాలాయి, నట్టు చెయ్యి జారి బేసిన్‌లో పడింది. ఆయిల్ నేననుకున్నట్టు నేరుగా కిందకి దిగలేదు, పంపు షెడ్డులో నీళ్ళు దూకినట్టు జానెడు దూరం ఎగిరి బేసిన్ దాటి గచ్చు మీద పడింది. కాలితో బేసిన్ అటు తోశా, తోసేసరికి ధార సన్నబడి ఇటు పడటం మొదలైంది. అయినా 5 లీటర్లు పట్టే బేసిన్‌లో 6 లీటర్లు ఎట్లా పడతాయండీ, ఆ లెక్క కూడా వేసుకోలేదు. ఇక అసలు తెలివితక్కువ పని ఆ తర్వాత చేశా. బకెట్లతో నీళ్ళు కొట్టి కడిగాను. నీళ్ళు పడేకొద్దీ ఆయిల్ తేలి, పాకి, మా వాకిలి దాటి పక్కవాళ్ళ వాకిట్లోకి పోయింది, రాత్రి వాన పడి మిగిలింది సైడు కాలువలోకి, అక్కణ్ణుంచి చెరువులోకి. తెల్లారి పక్కింటి పిన్నిగారు కళ్ళాపి చల్లబోయి, "ఏమయ్యా, నా వాకిట్లో ఇంద్రధనుస్సు పోశావేంటి" అని అడిగింది. ఆవిడ నవ్వుతూనే అడిగింది గానీ మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ బేసిన్ ఇప్పటికీ బండి సామాన్లలోనే ఉంది, ఇంట్లోకి రానివ్వలేదు. గచ్చు మీద ఆ మచ్చ కూడా పోలేదు.

దాంతో బుద్ధి వచ్చి మళ్ళీ మెకానిక్ షెడ్డుకే పోయా. పేరెందుకు గానీ, రోడ్డు పక్కన మామూలు షెడ్డు. పావుగంటలో పని అయిపోయింది, నా బట్టలకి చుక్క అంటలేదు, అబ్బ ఎంత శుభ్రంగా చేశారో అనుకున్నా. టీ తాగుదామని వెనక్కి వెళితే కుర్రాడు ఆ తొట్టి పట్టుకొచ్చి షెడ్డు వెనక గోతిలో గుమ్మరించి, పైన నాలుగు పారలు మట్టి లాగేశాడు. ఆ గోతికి పది గజాల్లో చేతిపంపు. అంటే నా వాకిట్లో పడితే అది గలీజు, వాళ్ళ గోతిలో పడితే శుభ్రమా? నేను ఎక్కువ దూరం తోశాను, వాడు ఎక్కువ లోతుకి తోశాడు, అంతకు మించి తేడా ఏముంది. కుర్రాణ్ణి ఏమీ అనలేకపోయా. వాడికి ఇంకో దారి ఎవరు చూపించారు గనక?

అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ వాళ్ళు ఒక లెక్క చెబుతారు, ఒక్కసారి మార్చినప్పుడు వచ్చే పాత ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీళ్ళను పాడుచేయగలదని. మన లెక్కలో అది దాదాపు 38 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్లు పట్టే వాటర్ ట్యాంకర్లు 760. ఆ అంకె మొదటిసారి చూసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు, తర్వాత చెరువు మీద పాకిన ఆ రంగుల పొర గుర్తొచ్చింది. పొర కంటికి కనిపిస్తుంది కాబట్టి సిగ్గేస్తుంది, గోతిలో ఇంకింది కనిపించదు కాబట్టి నిద్ర పడుతుంది.

ఇప్పుడు అసలు పని. ఇది నాకు వేరే షెడ్డులో ఒక పెద్దాయన, అందరూ మేస్త్రిగారూ అని పిలిచే మనిషి నేర్పించాడు. "నట్టు విప్పకముందే సగం పని అయిపోవాలి, విప్పాక పరుగులు పెట్టేవాడు మెకానిక్ కాదు" అనేవాడు. మీ పాఠకుల్లో పికప్‌లు, ట్రాలీలు, ట్రాక్టర్లు ఉన్నవాళ్ళు ఎంతోమంది ఉంటారు, వాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

మొదట తొట్టి. బేసిన్లు, సిమెంటు తట్టలు పనికిరావు, ఒడ్డు తక్కువ, ఎత్తగానే తొణుకుతాయి. 20 లీటర్ల పాత ప్లాస్టిక్ డబ్బాను పడుకోబెట్టి, పైకి వచ్చిన వెడల్పు పక్కని కత్తితో కోసేయండి, నాలుగు వైపులా రెండు అంగుళాల అంచు వదిలి. మూత బిగించే ఉంచండి. ఇంతకన్నా మంచి తొట్టి బజార్లో దొరకదు, పడుకోబెట్టింది కాబట్టి పొడుగు వస్తుంది, ధార ఎటు పడినా అందుకుంటుంది, పని అయ్యాక ఆ మూత విప్పి చక్కగా వంచుకోవచ్చు. తొట్టి కింద పాత ఫ్లెక్సీ ఒకటి పరవండి (మా ఊళ్ళో ఎలక్షన్ అయిపోయాక ఫ్లెక్సీలకు కొదవ లేదు, నాయకులు ఈ ఒక్క పనికైనా అక్కరకొస్తారు), దాని మీద గోనె పట్టా, దాని మీద తొట్టి. పక్కన ఒక బుట్టెడు రంపపు పొట్టు పెట్టుకోండి. పొట్టు లేకపోతే ఊక, బూడిద, పొడి ఇసుక, ఏదైనా సరే. నీళ్ళ బకెట్ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

బండి చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. పికప్ ఎత్తుగానే ఉంటుంది కాబట్టి జాకీ అవసరం పెద్దగా రాదు. ఒకవేళ ఎత్తాల్సి వస్తే ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరకండి, స్టాండ్లు వేయండి. ఇది నవ్వులాట కాదు, జాకీ జారితే ఇక చెప్పుకోవడానికి మనిషి మిగలడు.

ఇంజన్ మరీ చల్లగా ఉంటే ఆయిల్ బెల్లం పాకంలా చిక్కగా దిగుతుంది, అడుగున మురికి అట్లాగే ఉండిపోతుంది. లోడు దింపి వచ్చిన వేడిలో విప్పితే నాకైనట్టే అవుతుంది. అందుకని చల్లారిన బండిని ఒక 5 నిమిషాలు స్టార్ట్ చేసి ఆపి, ఇంకో 10 నిమిషాలు ఆగండి. పైన ఆయిల్ పోసే మూత వదులు చేయండి, గాలి ఆడితే ధార గుక్కలు గుక్కలుగా కాకుండా ఒకే తీరుగా వస్తుంది, చిందదు. అప్పుడు కిందకి దూరి చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) నట్టుకి రింగ్ స్పానరో బాక్స్ స్పానరో వేయండి, మూతి అరిగిన డబుల్ ఎండ్ స్పానర్ వేసి నట్టు మూలలు గుండ్రంగా అరగదీసుకోకండి. వదులయ్యాక స్పానర్ పక్కన పెట్టేసి చేత్తో తిప్పాలి, తిప్పేటప్పుడు నట్టును లోపలికి అదిమిపట్టి ఉంచాలి. అదీ కిటుకు. అదిమిపట్టినంతసేపూ చుక్క కారదు, చివరి మర దాటిన సంగతి వేళ్ళకి తెలుస్తుంది, తెలిసిన మరుక్షణం నట్టును ఒక్క ఊపున పక్కకి లాగేయాలి, ధారకి అడ్డంగా చెయ్యి ఉంచకుండా. మొదటి రెండు మూడు సార్లు మోచేతి దాకా కారుతుంది, నాలుగోసారికి వచ్చేస్తుంది. చేతికి గ్లౌజులు వేసుకోండి, పల్చటి రబ్బరువి చాలు.

ధార మొదట దూరంగా పడుతుంది, ఆయిల్ తగ్గేకొద్దీ దగ్గరికి వస్తుంది, చివరికి తీగలా సన్నబడి గాలికి ఊగుతుంది. ఆ చివరి దశలోనే అందరూ లేచి టీకి పోతారు, గాలి వీస్తే ఆ తీగ తొట్టి దాటి పడుతుంది. గాలి ఉన్న రోజు బండికి గాలి వచ్చే వైపు ఒక గోనె పట్టా వేలాడదీస్తే సరిపోతుంది. కనీసం పావుగంట కారనివ్వండి, తొందరేముంది.

అసలు గలీజు చేసేది నట్టు కాదు, ఫిల్టరు. కొన్ని బళ్ళకి ఫిల్టరు నిలువుగా ఉంటుంది, కొన్నిటికి పక్కకి వాలి ఉంటుంది. వాలి ఉన్నది విప్పగానే లోపలున్న ఆయిల్ ఇంజన్ బ్లాకు మీదుగా, ఛాసిస్ మీదుగా కారి, మనం ఎక్కడ తొట్టి పెట్టామో అక్కడ తప్ప మిగతా అన్ని చోట్లా పడుతుంది. దీనికి మేస్త్రిగారి వైద్యం పాల కవరంత తేలిక. ఫిల్టరును చైన్ రెంచ్‌తో ఒక అర చుట్టు మాత్రమే వదులు చేసి, ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు దానికి టోపీలా తొడిగి, కవరు పైనుంచే పట్టుకుని మిగతా చుట్లు తిప్పండి. ఫిల్టరూ ఆయిలూ రెండూ కవర్లోనే పడతాయి. కవరు అందని చోట ఉంటే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను నిలువునా చీల్చి దోనెలా కింద పెట్టి ఆ కారేదాన్ని తొట్టిలోకి మళ్ళించుకోండి.

కొత్తది బిగించే ముందు ఇంజన్ మీద పాత రబ్బరు వాషరు అతుక్కుని ఉండిపోయిందేమో చేత్తో తడిమి చూడాలి. ఉండిపోయి దాని మీద కొత్తది బిగిస్తే, స్టార్ట్ చేసిన కాసేపటికి ప్రెషరుకి వాషరు తన్నుకుని ఆయిలంతా రోడ్డు పాలవుతుంది, ఇంజన్ కూడా పోతుంది. మా చుట్టాలబ్బాయి ఒకడు హనుమాన్ జంక్షన్ దాకా పోయి అక్కడ రోడ్డు మీద చూసుకున్నాడు. కొత్త వాషరుకి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే తిప్పి, తగిలాక ఇంకో ముప్పావు చుట్టు, అంతే. చాంబర్ నట్టుకి రాగి వాషరు ఉంటే ప్రతిసారీ మార్చండి, అది టీ ఖర్చంత కూడా ఉండదు. నట్టు బిగించడానికి స్పానర్‌కి పైపు తొడిగే వీరులు ఉన్నారు మా దగ్గర. మర పోయాక చాంబరే మార్చుకోవాలి, అప్పుడు తెలుస్తుంది పైపు బలం.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు గరాటు లేకుండా పోసేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గరాటు లేకపోతే నీళ్ళ సీసా పైభాగం కోసుకుంటే గరాటే. చెప్పిన కొలతకి అర లీటరు తక్కువ పోసి, కాసేపాగి గేజు (ఆయిల్ మట్టం చూసే పుల్ల) చూసి, మిగతాది కొంచెం కొంచెంగా పోయండి. ఎక్కువైతే తీయడం మళ్ళీ ఒక గలీజు. స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు ఆరేదాకా యాక్సిలరేటర్ జోలికి పోకండి, ఆపి కింద నట్టు దగ్గరా ఫిల్టరు దగ్గరా పొడి గుడ్డతో తుడిచి చూడండి, పది నిమిషాలాగి మళ్ళీ గేజు చూడండి. ఫిల్టరు కొంత తాగుతుంది కాబట్టి కాస్త దిగుతుంది, అప్పుడు సరిచేసుకోవాలి.

మధ్యలో ఒక మాట. ఆయిల్ మార్చిన వారానికే నల్లబడిందని కొందరు కంగారుపడి షాపువాణ్ణి తిట్టుకుంటారు. డీజిల్ ఇంజన్లో అది మామూలే, ఇంజన్లో పుట్టే మసిని ఆయిల్ తనలో పట్టుకుంటోందన్నమాట, అది దాని డ్యూటీ. భయపడాల్సింది నలుపుకి కాదు, పాలు పోసిన టీ రంగులోకి మారితే నీళ్ళు కలుస్తున్నట్టు, అప్పుడు హెడ్డు గ్యాస్కెట్టు చూపించుకోవాలి. గేజు మీద మట్టం తగ్గకుండా పైకి పోతుంటే డీజిల్ కలుస్తున్నట్టు, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) బళ్ళలో ఇది అప్పుడప్పుడూ జరుగుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న ఈ బీఎస్ 6 బళ్ళు ఉన్నవాళ్ళు పాత అలవాటుకొద్దీ ఏదో ఒక 15డబ్ల్యూ-40 గ్రేడు ఆయిల్ పట్టుకొచ్చి పోసేయకండి. డీపీఎఫ్ ఉన్నదానికి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ వాడమని బండి పుస్తకంలో రాసి ఉంటుంది. మసి అయితే డీపీఎఫ్ కాల్చుకుంటుంది గానీ ఆయిల్ బూడిదని కాల్చలేదు, అది పేరుకుంటూ పోయి మూసుకుపోతుంది, దాని ఖర్చు వింటే బీపీ పెరుగుతుంది.

చేతుల సంగతి. షెడ్లలో పిల్లలు పెట్రోలుతోనో డీజిల్‌తోనో చేతులు కడుక్కుంటారు, నల్లటి గుడ్డ జేబులో పెట్టుకుని రోజంతా తిరుగుతారు. వాడిన ఆయిల్లో కేన్సర్ తెచ్చే పదార్థాలు చేరతాయి, ఎలుకల చర్మానికి పదేపదే రాసి చూస్తే చర్మ కేన్సర్ వచ్చింది. ఒకరోజు అంటితే ఏమీ కాదు, ఇరవై ఏళ్ళు రోజూ అంటించుకునేవాడి సంగతి వేరు. గ్లౌజులు లేకపోతే ముందే చేతులకి కొబ్బరినూనె రాసుకుంటే నలుపు గోళ్ళలోకి దిగదు, తర్వాత రంపపు పొట్టులో కాస్త సర్ఫు కలిపి రుద్దుకుంటే పోతుంది. కొన్ని ఊళ్ళలో బర్రెకి గజ్జి వస్తే ఈ ఆయిలే రాస్తారు. బర్రె తన ఒళ్ళు తాను నాక్కోకుండా ఉంటుందా? దయచేసి పశువుల డాక్టరు దగ్గరికి పొండి.

ఇంతవరకూ నా చేతిలో పని. చుక్క పడకుండా మార్చడం వచ్చేసింది. తొట్టిలోది మూత విప్పి, గరాటు పెట్టి, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాల్లోకే వంచుతాను. ఫిల్టరును తలకిందులుగా రాత్రంతా తొట్టిలో నిలబెడితే అందులోంచి ఇంకో గ్లాసుడు దిగుతుంది. డబ్బా మీద పెయింటుతో పెద్దగా 'పాత ఆయిల్' అని రాస్తాను, లేకపోతే ఖాళీ డబ్బాల్లో కల్తీది నింపి అమ్మేవాళ్ళున్నారు. అందులోకి కూలెంటు, బ్రేక్ ఆయిల్, కిరోసిన్, పెట్రోలు ఏదీ కలవనివ్వను, కలిసిందంటే దాన్ని మళ్ళీ బాగుచేయడం కష్టం. పొట్టు మీద పడ్డ చుక్కల్ని చీపురుతో ఎత్తి వేరే కవర్లో కడతాను. ఆ కవరుని కూడా ఏం చెయ్యాలో నాకు తెలియదు, అది పేరుకుంటోంది.

ఇక్కణ్ణుంచే గోడ. ఈ డబ్బాలు ఎవరికివ్వాలి? ఆటోలో వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు ఉన్నారు, టీ డబ్బులిస్తారు. ఎక్కడికి తీసుకెళ్తావయ్యా అంటే ఒకడు సెంట్రింగ్ చెక్కలకి పూయడానికి అన్నాడు, ఇంకొకడు ఇటుక బట్టీకి అన్నాడు, మూడోవాడు నవ్వి ఊరుకున్నాడు. నాకు ఆ మూడోవాడే ఎక్కువ టెన్షన్ పెట్టాడు. బట్టీలో తగలబెడితే పొగ మనమే పీలుస్తాం, చెక్కలకి పూసింది వానకి మళ్ళీ మట్టిలోకే. అది కూడా ఆ షెడ్డు కుర్రాడి గొయ్యి లాంటిదే, కాస్త దూరంగా ఉంది, అంతే.

ఇట్లా చెయ్యకూడదని చట్టం లేదా అంటే ఉంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ పేరు పెట్టి మరీ ఉంది. 2023 సెప్టెంబరులో కేంద్రం వాటిని సవరించి, ఆయిల్ తయారు చేసేవాళ్ళూ దిగుమతి చేసుకునేవాళ్ళూ వాడిన ఆయిల్‌ను మళ్ళీ శుద్ధి చేయించే బాధ్యత తీసుకోవాలని పెట్టింది, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మంచి చట్టమే. ఎందుకంటే ఆయిల్ అరిగిపోదు, దాంట్లో మసి, నీళ్ళు, లోహపు పొడి చేరతాయి, కలిపిన మందులు అయిపోతాయి, అంతే. దాన్ని మరిగించి, వడగట్టి, శుద్ధి చేస్తే మళ్ళీ బేస్ ఆయిల్ (కొత్త ఇంజన్ ఆయిల్ తయారీకి వాడే అసలు నూనె) వస్తుంది, ఆ ఫ్యాక్టరీలు మన దేశంలోనే ఉన్నాయి. క్రూడాయిల్లో నూటికి 80 పాళ్ళకు పైగా బయటి దేశాల నుంచి కొనుక్కునే మనం దొరికిన ఆయిల్‌ను గోతిలో పూడ్చిపెట్టడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. పెద్ద కంపెనీ సర్వీసు సెంటర్లయితే డ్రమ్ముల్లో పట్టి లైసెన్సు ఉన్నవాళ్ళకి ఇవ్వొచ్చు, వాళ్ళ దగ్గర వందల లీటర్లు జమవుతుంది కాబట్టి లారీ వస్తుంది. నా 6 లీటర్ల కోసం లారీ మా ఊరు రాదు కదా. పికప్‌లు, ఆటోలు, ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజన్లు, జనరేటర్లు, మాలాంటివాళ్ళ చిన్న చిన్న డబ్బాలన్నీ కలిపితే ఎంతవుతుందో ఎవరూ కూడి చూసినట్టు లేదు.

ఒకసారి ఈ సంగతి అడగడానికి ఒక ఆఫీసుకి కూడా పోయా. ఏ ఆఫీసో చెప్పను, అక్కడ ఉన్నాయన మర్యాదగానే మాట్లాడాడు. "పరిశ్రమ లైసెన్సు ఉందా" అన్నాడు. లేదండీ, ఒక బండి ఉంది అన్నా. "అయితే మీరు మా పరిధిలోకి రారు" అన్నాడు. మరి ఎవరి పరిధిలోకి వస్తానండీ అంటే ఫ్యాన్ వైపు చూశాడు. డబ్బా చేత్తో పట్టుకునే వెళ్ళాను, పట్టుకునే తిరిగొచ్చాను, సిటీ బస్సులో కండక్టరు మూత గట్టిగా ఉందా లేదా అని రెండుసార్లు అడిగాడు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. కొత్త ఆయిల్ అమ్మే ప్రతి షాపు ముందూ మూతా తాళం ఉన్న ఒక 200 లీటర్ల డ్రమ్ము పెట్టించండి. కొత్త డబ్బా కొనడానికి వచ్చినవాడు పాత డబ్బా అందులో వంచి పోతాడు, ఎట్లాగూ అక్కడికి రావాల్సినవాడే. డబ్బా తెచ్చినవాడికి బిల్లులో ఓ పది రూపాయలు తగ్గించండి, మా షెడ్డు కుర్రాడు గొయ్యి తవ్వడం ఆ రోజే మానేస్తాడు, వాడికి మట్టి లాగడం సరదా ఏమీ కాదు. షాపులకి కుదరదంటే విజయవాడ ఆటోనగర్లో, మార్కెట్ యార్డుల్లో, పెట్రోలు బంకుల్లో పెట్టండి. పాత బ్యాటరీ ఇస్తే కొత్తదాని రేటులో తగ్గించే పద్ధతి షాపుల్లో ఎప్పట్నుంచో ఉంది, బ్యాటరీలు రోడ్డు మీద పడి ఉండటం ఎప్పుడైనా చూశారా? ఆయిల్‌కి ఎందుకు కుదరదో ఎవరైనా చెబితే వినాలని ఉంది. చట్టం ప్రకారం ఖర్చు పెట్టుకోవాల్సిన కంపెనీలు ఎట్లాగూ ఉన్నాయి, వాళ్ళ డ్రమ్ము మా ఊరి దారిలోకి ఎప్పుడొస్తుందో కనుక్కుని మీ విలేకరుల చేత రాయించండి.

మా పశువుల పాకలో ఒక మూల ఇప్పుడు నాలుగు డబ్బాలున్నాయి, రెండు నావి, ఒకటి మా బాబాయ్ ట్రాక్టరుది, ఒకటి పక్కింటి పిన్నిగారి అబ్బాయి బైకుది (నేను పోగేస్తున్నానని తెలిసి ఆవిడే తెచ్చి పెట్టింది). మామిడి సీజన్ మొదలయ్యే లోపు నా బండికి మళ్ళీ ఆయిల్ మార్చాలి. లైసెన్సు ఉన్నవాళ్ళు నూజివీడు, విజయవాడ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే వాళ్ళ అడ్రసు మీ పేపర్లో వేయండి, ఎంత దూరమైనా నా బండిలోనే తెచ్చి ఇస్తాను, బాడుగ కూడా అడగను.

ఇట్లు,
పికప్ బండి ఓనర్ కమ్ డ్రైవర్,
నూజివీడు దగ్గర